దొంగ నొక్కుడు

...అయినా ఆ ‘సరే’ అన్నది తానేనా కాదా అన్నది మాత్రం తేలలేదు. నోరు అన్నది, అంతవరకూ నిజం. నిన్న సాయంత్రం అక్క ఫోను తెచ్చి చెవికి ఆనించింది. అవతలి నుంచి భర్త, “ఆదివారం వచ్చి నిన్ను ఇంటికి తీసుకెళ్తా...” అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే ఇవతల ‘సరే’ అని వినిపించింది. గొంతు తనదే, పోల్చుకుంది. పక్కగదిలో ఎవరో మరచెంబు కింద పడేస్తే వినిపించినట్టు వినిపించింది, ఎవరో ఒకరు తీస్తారులే అనుకునేలాగా.

కుడి చెవిలో సన్నగా కూత. బటన్ నొక్కింది.

ఆమె కూర్చున్నది డబ్బాలో. అసలు పేరు శబ్దం చొరబడని గది. వినికిడి పరీక్షలు చేసే ఆ క్లినిక్కులో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. లోపల గోడలకు బూడిదరంగు మెత్త, ఒక కుర్చీ, పుస్తకమంత అద్దం కిటికీ, ఫ్రిజ్ తలుపులాంటి తలుపు. మామూలుగా ఆమె చోటు అద్దానికి అవతల, యంత్రం ముందు. లోపల కూర్చున్న మనిషి చెవుల్లోకి చిన్న చిన్న కూతలు పంపడం, అవి వినపడ్డప్పుడు వాళ్ళు బటన్ నొక్కితే గుర్తు పెట్టుకోవడం ఆమె ఉద్యోగం. కానీ పొద్దున్నే మొదటి మనిషి రాకముందు, క్లినిక్కులో పనిచేసేవాళ్ళలో ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని డబ్బాలో కూర్చోవాలి. వాళ్ళ చెవులు ఎంతవరకు వింటాయో ముందే తెలుసు గనుక, వినపడాల్సింది వినపడకపోతే తప్పు యంత్రంలో ఉన్నట్టు. కాటాను సరిచూడటానికి తూకం రాయి పెట్టినట్టు.

ఆ రాయి ఇన్నాళ్ళూ ‘రేడియో’. ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి, నోరు మూతపడదు గనుక ఆ పేరు. రేడియో చెల్లెలి కాన్పుకని సెలవు పెట్టింది. అందుకే డాక్టరు, “ఇవాళ నువ్వు కూర్చోమ్మా,” అన్నాడు. డాక్టరుకూ పేరుంది: నిశ్శబ్దంగారు. రోజంతా ఆయన నోటివెంట ఎక్కువగా వచ్చే మాట అదే.

కుడి చెవి అయిపోయింది. ఎడమది మొదలుపెడతాడు ఇప్పుడు.

ఆయన చెయ్యి ఆమెకు కంఠతా వచ్చు. ఒక కూత, రెండు ఊపిరుల ఎడం, ఇంకాస్త చిన్న కూత, మళ్ళీ రెండు ఊపిరులు. అద్దంలోంచి ఆయన భుజం కనిపిస్తుంది. మీట నొక్కేటప్పుడు భుజం రవ్వంత దిగుతుంది. ఎడమ చెవిలో ఆమెకు వినపడని సంగతి ఎవరికీ తెలియకుండా ఉండటానికి ఆ భుజం చాలు.

రేడియో ఉద్యోగంలో చేరకముందు తూకం రాయి ఆమే. ఒకరోజు పొద్దున్న ఎడమవైపు కూతలు రాలేదు. నిశ్శబ్దంగారు యంత్రాన్ని అనుమానించాడు. తీగలు మార్చారు, హెడ్‌ఫోన్లు మార్చారు, చివరికి మెకానిక్‌ని పిలిపించారు. అతను యంత్రం నడుం విప్పి, లోపల అన్నీ చూసి, మళ్ళీ బిగించి, “యంత్రం బంగారంలా ఉంది సార్. చెవులు చూపించుకోండి,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ముందురోజు సాయంత్రం ఇంట్లో జరిగింది అప్పటికి చెంప మీద ఎర్రగా కూడా లేదు. మర్నాటి నుంచి భుజాన్ని చూసి నొక్కడం నేర్చుకుంది. యంత్రం బాగైపోయిందని అందరూ సంతోషించారు.

భుజం దిగింది. నొక్కింది. రెండు ఊపిరులు. నొక్కింది. అలా చివరిదాకా.

తలుపు తెరుచుకుంది. “ఓకే,” అన్నాడు నిశ్శబ్దంగారు. “మొదటివాళ్ళని పిలు.”

మొదటివాడు ముసలాయన. కొడుకు బలవంతం మీద వచ్చాడట, ఆ మాట వచ్చీరాగానే చెప్పాడు. డబ్బాలో కూర్చోబెడితే, “ఊపిరాడుతుందా తల్లీ ఇందులో? లోపల మర్చిపోరు కదా?” అని అడిగాడు. ఆమె హెడ్‌ఫోన్లు సర్ది, బటన్ చేతికిచ్చి, ఎప్పుడూ చెప్పేది చెప్పింది. ఎంత చిన్నగా వినపడినా నొక్కండి. వినపడకపోతే నొక్కకండి.

కుడి చెవి వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ చెవికి మారింది. పెద్దాయన కదలలేదు. శబ్దం పెంచింది. కదలలేదు. ఇంకా పెంచింది. ఆయన అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు, బస్సు కోసం చూస్తున్నట్టు. మైకులోంచి అడిగింది: “ఏమీ వినపడట్లేదా అండీ?”

“ఏంటి, మొదలుపెట్టారా?” అని అరిచాడు ఆయన. “ఎడమ చెవి పోయిందంటావా ఏంటి? నిన్నటిదాకా మా ఆవిడ అటువైపు కూర్చునే తిట్టింది. ఒక్క ముక్క పోకుండా వినపడింది!”

నిశ్శబ్దంగారు లేచి వచ్చాడు. యంత్రం వెనక్కి వంగి చూశాడు. ఎడమ హెడ్‌ఫోను తీగ ఊడి, గోడవైపు వేలాడుతోంది. నిన్న సాయంత్రం ఊడ్చేటప్పుడు ఎవరి చీపురో తగిలి ఉంటుంది. ఆయన తీగని మళ్ళీ గుచ్చాడు. లోపల పెద్దాయన ఉలిక్కిపడి, బటన్‌ని వరసగా నొక్కేశాడు. “ఇప్పుడొచ్చింది! ఇప్పుడొచ్చింది!”

పరీక్ష అయి పెద్దాయన వెళ్ళాక నిశ్శబ్దంగారు కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

“పొద్దున్నే ఆ తీగ ఊడే ఉంది కదమ్మా.”

“ఉండే ఉంటుంది సార్.”

“మరి నువ్వేం విన్నావు?”

టేబులు మీద ఆయన కళ్ళజోడు డబ్బా ఉంది. దాని మూత సరిగ్గా పడలేదని గమనించింది.

అలా లేని కూతకు నొక్కేవాళ్ళు వాళ్ళకు కొత్త కాదు. పరీక్షలో తప్పుతామని భయపడేవాళ్ళు, ఎదుటివాళ్ళని సంతోషపెట్టాలనుకునేవాళ్ళు నొక్కుతారు. దానికి క్లినిక్కులో రేడియో పెట్టిన పేరు ‘దొంగ నొక్కుడు’. కానీ పరీక్ష చేసే మనిషే, చచ్చిన తీగ చెవికి పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా ఒక్కటి కూడా తప్పకుండా దొంగ నొక్కుడు నొక్కడం ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చూసి ఉండడు.

“పద, లోపల కూర్చో,” అన్నాడు.

ఈసారి ఆయన కుర్చీని పక్కకి జరుపుకున్నాడు. అద్దంలో భుజం కనిపించలేదు. లయ కూడా లేదు. ఒక్కోసారి వెంటవెంటనే, ఒక్కోసారి ఎంతసేపటికీ ఏమీ రాకుండా. ఆమె బొటనవేలు రెండుసార్లు ఊరికే నొక్కింది. మూడోసారి నొక్కబోయి ఆగింది.

పరీక్షయ్యాక చెవిలోకి లైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

“కర్ణభేరి మీద మచ్చ ఉంది. చిల్లు పడి మానినట్టుంది. ఎప్పటిది?”

“చీము పట్టింది సార్. అప్పట్లో.”

ఆయన లైటు ఆర్పాడు. చీము పట్టిన చెవికీ దెబ్బ తిన్న చెవికీ తేడా ఆయనకు తెలియదని ఇద్దరూ కాసేపు ఒప్పుకున్నట్టు కూర్చున్నారు.

“రేపట్నించి రేడియో వచ్చేదాకా నేనే కూర్చుంటాను డబ్బాలో,” అన్నాడు చివరికి. “నువ్వు యంత్రం దగ్గర ఉండు. ఆ పనిలో నీకు వంక పెట్టలేం.” తలుపు దాకా వెళ్ళి ఆగాడు. “ఎవరికైనా చెప్పావా అమ్మా? చీము సంగతి?”

“లేదు సార్.”

“చెప్పు,” అన్నాడు, వెళ్ళిపోయాడు.

*

ఆ ఇల్లు వదిలి రావడం గురించి చెప్పమని కౌన్సెలర్ మొదటిరోజే అడిగింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకరోజు పని నుంచి వస్తూ ఎక్కాల్సిన బస్సు ఎక్కలేదు. అది వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. తరవాత అక్క వాళ్ళ వీధివైపు వెళ్ళే బస్సు వచ్చింది. ఎక్కింది. అంతే. భర్త కొడతాడని అక్కకు అప్పటికే లీలగా తెలుసు. చెయ్యి మీద కమిలిన గుర్తు ఒకటి చూసింది. అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తుందని బావ టవలు కూడా తెచ్చి సిద్ధంగా నిలబడ్డాడు. ఆమె ఏడవలేదు. టవలు చూసి, స్నానం చేయమంటున్నారేమోనని స్నానానికి వెళ్ళింది. తరవాత వారాలు గడిచినా ఏడవకపోయేసరికి అక్క భయపడి, “దీనికేదో అయింది,” అని కౌన్సెలర్ దగ్గరికి తీసుకొచ్చి వదిలింది.

కౌన్సెలర్ గది ఒక పళ్ళ డాక్టరు గది పక్కన. మధ్య గోడ పలచన. పళ్ళు తొలిచే యంత్రం గోల వస్తూ, ఆగుతూ ఉంటుంది. కౌన్సెలర్‌కి అరవైకి దగ్గర, ఎప్పుడూ జలుబు. కుర్చీలో కూర్చున్నాక చెప్పులు విప్పేసి కాళ్ళు పైకి ముడుచుకుంటుంది, సొంతింట్లో ఉన్నట్టు.

“వాళ్ళు పళ్ళు పీకుతారు, నేను మాటలు పీకుతాను,” అంది ఆ సాయంత్రం, ముక్కు తుడుచుకుంటూ. “వాళ్ళ దగ్గర మత్తుమందు ఉంది. తేడా అదొక్కటే.”

“నాకు మత్తు ముందే ఎక్కి ఉంది మేడమ్.”

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియలేదు. కౌన్సెలర్ నవ్వలేదు. రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఆమె పొద్దున్న జరిగింది చెప్పింది. డబ్బా, భుజం, ఊడిన తీగ, ముసలాయన. చెపుతుంటే వేరొకరి కథలా బాగానే వచ్చింది. ముసలాయన ‘ఇప్పుడొచ్చింది’ అని అరవడం అనుకరించి కూడా చూపించింది.

“లేని శబ్దానికి ఎందుకు నొక్కారు?”

“నొక్కకపోతే...”

“నొక్కకపోతే?”

పక్కగదిలో యంత్రం ఆగింది. కౌన్సెలర్ ఎదురు చూసింది. రెండు ఊపిరులయ్యాయి, నాలుగయ్యాయి. ఆ నిశ్శబ్దంలో ఆమెకు బొటనవేలు చూపుడువేలికేసి ఒత్తుకుంటున్నట్టు కనిపించింది. అది ఒత్తుకుంటోందని కళ్ళతో చూసి తెలుసుకుంది.

“మీరు లయ తప్పిస్తున్నారు,” అంది.

“అంటే?”

“మేమూ చేస్తాం. ఎవరిమీదైనా అనుమానం వస్తే, కూత పంపకుండా చాలాసేపు ఆగుతాం. దొంగ నొక్కుడు నొక్కేవాళ్ళు అంతసేపు ఆగలేరు. ఏదో ఒకటి వినపడి తీరాలి వాళ్ళకి.”

“దొరికిపోయాక ఏం చేస్తారు? కోప్పడతారా?”

“లేదండీ. కోప్పడితే ఇంకా ఎక్కువ నొక్కుతారు. మళ్ళీ మొదటినుంచి చెప్తాం. వినపడకపోతే నొక్కకండి, అది కూడా జవాబేనని.”

కౌన్సెలర్ ఒక పెద్ద తుమ్ము తుమ్మింది. గోడ అవతల ఎవరో ‘చిరంజీవ’ అన్నారు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆమె నవ్వు ముందు ఆగిపోయింది.

“పోయినవారం నేను ఛాతీలో బరువుగా ఉందన్నాను కదా,” అంది. “మీరు తలూపారు. అంతకుముందు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందన్నాను. అవి కూడా దొంగ నొక్కుళ్ళే మేడమ్. మీ భుజం చూసి చెప్పాను.”

“నా భుజం కూడా దిగుతుందా?”

“మీరు కుడి బొటనవేలు ఆడిస్తారు. కాలిది.”

కౌన్సెలర్ తన కాలివైపు చూసుకుని, పాదం చీర కిందికి లాక్కుంది. “సరే. ఇప్పుడు చూడకుండా చెప్పండి. ఛాతీలో ఏముంది?”

వెతికింది. నిజంగానే వెతికింది, ఖాళీ చేసిన ఇంట్లో ఏమైనా మర్చిపోయామా అని గది గది తిరిగినట్టు.

“ఏమీ లేదు.”

“ఊఁ.”

“మా దగ్గర దానికో గుర్తుంది. యంత్రం పంపగలిగినంత పెద్ద శబ్దం పంపినా మనిషి నొక్కకపోతే, అక్కడ కిందికి బాణం వేస్తాం. ఖాళీగా వదలం. ఖాళీగా వదిలితే పరీక్ష చేయలేదని అర్థం.” కుర్చీ చెయ్యి మీద వేలితో బాణం గీసి చూపించింది. గుడ్డ మీద గీత పడి, మెల్లగా చెరిగిపోయింది.

“బాణం వేశాక, ఇక జన్మలో వినపడదనా?”

“అలా చెప్పలేం. ఆ రోజుకి అంతే. కొన్నాళ్ళాగి మళ్ళీ పెట్టాలి పరీక్ష.”

గోడ అవతల యంత్రం మళ్ళీ మొదలైంది. ఆమె ఆ గోలలోనే ఆదివారం సంగతి చెప్పేసింది. అతను వస్తున్నాడని, ఫోన్లో సరే అన్నానని. గోలలో చెపితే సగం లెక్కలోకి రాదనుకుంది. కౌన్సెలర్ కాళ్ళు కిందికి దించి చెప్పులు వేసుకుంది.

“వెళ్ళమనో వద్దనో నేను చెప్పను. అది కూడా నన్ను చూసి నొక్కేస్తారు. కానీ ఒకటి దాచను. ఒకసారి వదిలి వచ్చిన మనిషి తిరిగి వెళితే ఆ ఇల్లు మునుపటికంటే ప్రమాదం. ఆదివారం అతనితో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా ఉండకండి. ఏమైనా అయితే నాకు ఫోన్ చేయండి. సెలవు రోజని చూడకండి.”

“సరే మేడమ్,” అంది. అది విని ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

*

శనివారం అక్కాచెల్లెళ్ళు మిద్దెమీద ఆరిన దుప్పట్లు మడత పెడుతున్నారు. అటు రెండు కొసలు అక్క, ఇటు రెండు కొసలు ఆమె. దగ్గరికి రావడం, కొసలు కలపడం, వెనక్కి వెళ్ళడం.

“మారాడే చిట్టీ. నేను మాట్లాడాను కదా. కోపం తగ్గించుకోడానికి ఏవో క్లాసులకు కూడా వెళ్తున్నాడట. మొన్న ఫోన్లో ఏడ్చాడు తెలుసా? మగాడు ఏడవటం నేను వినలేకపోయాను.”

దుప్పటి దులిపింది. గాలి ఎడమవైపు నుంచి వీస్తోంది. అక్క కొన్ని మాటలు ఆ గాలిలో పోతున్నాయి.

“...అని కాదు. ఈ ఇల్లు నీది కాదని నేనెప్పుడైనా అన్నానా? ఉండు, పదేళ్ళుండు. కానీ నువ్వు నవ్వవు, ఏడవవు, అన్నం పెడితే తింటావు, పెట్టకపోతే అడగవు. ఇక్కడున్నా ఇంతే, అక్కడున్నా ఇంతే అయితే, ఎవరిల్లు వాళ్ళకి ఉండటమే మేలు కదా అనిపిస్తుంది నాకు. వింటున్నావా?”

“ఊఁ.”

“ఏం ఊఁ? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో. రేపు నీకు ఇష్టమైతేనే వెళ్ళు. నువ్వే కదా సరే అన్నావు ఫోన్లో?”

“అన్నాను.”

మెట్ల మీద బావ తల కనిపించింది, చేతిలో ఇంకో బకెట్టు. “మీ చెల్లెలి సరేకి విలువేంటి? పోయిన నెల తలుపు కొట్టిన ప్రతివాడికీ సరే అంది. నీళ్ళ ఫిల్టరువాడు రెండుసార్లు వచ్చి డెమో ఇచ్చి పోయాడు. నేను గడప దగ్గర అడ్డం పడుకోకపోతే మనింట్లో మనుషులకన్నా ఫిల్టర్లు ఎక్కువయ్యేవి.”

“నువ్వూరుకో,” అంది అక్క.

“నేనూరుకుంటాను. మరదలు మాట్లాడాలి.” బకెట్టు దించి, నడుం పట్టుకుని, ఆమె వైపు చూశాడు. ఎగతాళి కళ్ళలో లేదు. “ఏమ్మా?”

దుప్పటి రెండు కొసలూ ఆమె చేతుల్లో ఉన్నాయి. అక్క అవతల కొసలు పట్టుకుని ఎదురు చూస్తోంది. చెప్పు, అన్నాడు ఆ రోజు నిశ్శబ్దంగారు. “అక్కా, నా...” అంది. తరవాత ఏముండాలో తెలుసు. చెవి అన్న మాట చాలా చిన్నది. నోటిదాకా వచ్చి, తలుపు మూసి ఉందని చూసి తిరిగి వెళ్ళిపోయింది.

“నీ ఏంటే?”

“నా వైపు పొడుగైంది. మళ్ళీ మడవాలి.”

*

ఆదివారం అతను రావాల్సిన వేళకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో యాపిల్ పళ్ళ సంచి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టడం. అతని చప్పుళ్ళన్నీ ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో సాయంత్రాలు తాళం చెవి తిరిగే తీరునుబట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతోందో పసిగట్టేది. ఒక్కసారికే తిరిగితే పరవాలేదు. రెండుసార్లు గీరుకుంటే గ్లాసులన్నీ అలమరలోకి సర్దేసేది. ఇవాళ అడుగులు మెత్తగా ఉన్నాయి.

అక్క సోఫా చూపించింది. అతను వచ్చి ఆమెకు ఎడమవైపు కూర్చున్నాడు. ఎదురు కుర్చీల్లో అక్క, బావ. మధ్య గాజు బల్ల. బావ యాపిల్ చెక్కు తీస్తున్నాడు, చాలా సన్నగా, చాలా శ్రద్ధగా.

“చిక్కిపోయావు మరిదీ,” అంది అక్క టీ కప్పు అందిస్తూ.

“వంట ఎవరు చేస్తారొదినా? చేతులు కాల్చుకోవడమే. అన్నయ్యలాగా అదృష్టం ఉండాలి.”

“నా అదృష్టం సంగతి తరవాత,” అన్నాడు బావ చాకు ఆపకుండా.

అతను మాట్లాడాడు. తప్పు తనదే అన్నాడు, ఎంత తప్పో చెప్పలేదు. గోడలకు రంగు వేయించానన్నాడు, ఆమెకు ఇష్టమైన రంగే. తనకు ఇష్టమైన రంగు ఏదో ఆమెకు గుర్తు రాలేదు. ఎడమవైపునుంచి వస్తున్నందున అతని మాటలకు అంచుల్లేవు, తడిసిన కాగితంలా ఉన్నాయి. తనకు భయం వేయాలి. వేస్తోందా అని చూసుకుంది. మోకాళ్ళు దగ్గరగా ఉన్నాయి, అంతే. గాజు బల్ల కింద అందరి పాదాలూ కనిపిస్తున్నాయి.

అతను జేబులోంచి తాళం చెవి తీశాడు. ఆమెది. పాత ఎర్ర దారం ఇంకా దానికి కట్టే ఉంది.

“ఇది నీది. తాళం కూడా మార్చలేదు నేను,” అని అందరికీ వినపడేలా చెప్పి, ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు. అక్క కళ్ళు తడిశాయి. “వస్తుందిలే మరిదీ,” అంది. “దాని మొహం చూస్తే తెలియట్లేదూ?”

ఆమె మొహంలో ఏముందో ఆమెకు తెలియదు. ఇందాకటినుంచి తను ఏమీ అనలేదన్నది మాత్రం తెలుసు. ఏ కూతా వెళ్ళలేదు. అక్క నొక్కేసింది.

అప్పుడు అతను ఆమె వైపు వంగాడు. అటునుంచి చూసేవాళ్ళకు భార్యకు ఏదో ముద్దు మాట చెపుతున్నట్టుంటుంది. పెదాల మీద నవ్వు చెక్కుచెదరలేదు. ఎడమ చెవి మీద వెచ్చటి ఊపిరి తగిలింది. అతను ఏదో అన్నాడు. పొట్టిగా, కింది గొంతుతో, చివర ఆగి. ఆ లయ ఆమెకు కంఠతా వచ్చు. ఆ లయకు ఎప్పుడూ ఒకటే జవాబు. మాటలు మాత్రం ఒక్కటీ లోపలికి రాలేదు. ఏ చెవిని ఏ చెయ్యి ఏం చేసిందో ఆ చేతికే గుర్తు లేదు.

బొటనవేలు తాళం చెవి మీద ఒత్తుకుంది. ‘సరే’ నాలుక మీదికి వచ్చింది. ఆమె ఆగింది. రెండు ఊపిరులు. ఇంకో రెండు.

“ఏమన్నారు?” అంది. గొంతు మామూలుగానే వచ్చింది, క్లినిక్కులో మైకులోంచి అడిగినట్టు. “ఆ చెవి వినపడదు. కాస్త గట్టిగా చెప్పండి.”

అతను వెనక్కి జరిగాడు.

“వినపడకపోవడమేంటే?” అంది అక్క.

“ఎడమది వినపడదక్కా. చాలారోజులైంది.”

“చాలారోజులా? ఎలా?”

ఆమె అతని కుడి చేతివైపు చూసింది. అందులో టీ కప్పు ఉంది. ఎదురుగా నిలబడిన మనిషి కుడిచెయ్యి ఎత్తితే ఎటువైపు తగులుతుందో అక్క కళ్ళు మెల్లగా లెక్క కట్టుకున్నాయి. చేతి నుంచి చెవికి, చెవినుంచి చేతికి. బావ చాకు ఆగింది. యాపిల్ తొక్క తెగకుండా వేలాడుతోంది.

“ఇందాక ఏమన్నావు మరిదీ, దాని చెవిలో?” అక్క గొంతులో ఏడుపు లేదు ఇప్పుడు.

“ఏం లేదొదినా. ఊరికే. ఇంట్లో నువ్వు లేకపోతే తోచట్లేదు అని.”

“ఆ మాటకేం? గట్టిగానే అను,” అన్నాడు బావ. “మేమూ వింటాం.”

అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఇలాంటి ఖాళీల్ని ఇన్నేళ్ళూ ఆమె నింపుతూ వచ్చింది. ఈసారి లోపలికి చూసుకుంది, సంతోషం ఉందేమోనని, కోపమైనా ఉందేమోనని. ఏమీ లేదు. ఇవాళ్టికి ఇంతే.

అరచేతిలో మాత్రం తాళం చెవి పళ్ళు గుచ్చుకుంటున్నాయి. ఎంతసేపటినుంచి గుచ్చుకుంటున్నాయో. వేళ్ళు ఒక్కొక్కటిగా తెరిచింది. తాళం చెవిని ఎర్రదారం పట్టుకుని ఎత్తి, ముందుకు వంగి, గాజు బల్ల మీద అతని వైపు పెట్టింది.